ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణం: కోడ్ పునర్వినియోగం, స్వయంరచన

కంప్యూటరు యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ ఉండి పని నడిపించే సాఫ్ట్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని కట్టేవారికి మొదటినుంచీ రెండు దారులున్నాయి. ఇతరులు ఇదివరకే రాసిపెట్టిన కోడ్‌ను తెచ్చి కలుపుకోవడం ఒకటి, ప్రతి భాగాన్నీ తామే రాసుకోవడం రెండోది. పేరున్న వ్యవస్థల్లో ఏదీ ఒక్క దారినే పట్టుకుని చివరిదాకా నడవలేదు. ఏ పొరలో అరువు తెచ్చుకున్నారు, ఏ పొరలో సొంతంగా రాసుకున్నారు, ఎందుకు అన్నదే ఒక్కో వ్యవస్థ చరిత్ర.

ఇది అమెరికా కంపెనీల ప్రయోగశాలలకే పరిమితమైన విషయంలా కనిపిస్తుంది. అయితే ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల అనే గోండు గ్రామం పేరు ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణంలో ఒక లిపి పేరుగా నమోదై ఉంది. ఆ లిపి ఫోను తెరమీద కనబడటానికి ఎవరూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాయలేదు (చూ. గుంజాల గోండి).

నిర్వచనం, పరిధి

ఒక వ్యవస్థ కోసం రాసిన మూలకోడ్‌ను గానీ, దానితో తయారైన లైబ్రరీని గానీ మరో వ్యవస్థలో ఉన్నదున్నట్టుగానో, మార్పులు చేసో వాడటాన్ని కోడ్ పునర్వినియోగం అంటారు. అదే పని చేసే కోడ్‌ను ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి రాయడం స్వయంరచన. ప్రోగ్రామర్లు దీన్ని 'స్క్రాచ్ నుంచి రాయడం' అంటారు.

ఈ రెంటికీ మధ్య మూడో వర్గం ఉంది. చర్చల్లో గందరగోళం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. కోడ్‌ను ముట్టుకోకుండా నమూనాను మాత్రం తీసుకోవచ్చు. లినక్స్ యూనిక్స్ నమూనాను అనుసరించింది గాని యూనిక్స్ కోడ్‌ను తీసుకోలేదు. ఫైలు తెరవడానికి ఏ పేరుతో వ్యవస్థ కేంద్రభాగమైన కెర్నల్‌ను పిలవాలి, ప్రాసెస్ ఎలా రెండుగా చీలాలి వంటి నియమాలను 1988లో పాసిక్స్ ప్రమాణంగా అచ్చువేశారు. ఆ నియమాలను పాటిస్తూ ఎవరి కోడ్ వారు రాసుకోవచ్చు. నియమం అందరిదీ, రాత ఎవరిది వారిదీ అన్న మాట.

పొరలు

ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే ముద్దగా ఉండదు. విద్యుత్తు అందగానే మేలుకునే ఫర్మ్‌వేర్, కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడర్, ప్రాసెస్‌లకు వంతులు పంచే షెడ్యూలర్, మెమరీ నిర్వహణ, ఫైల్ సిస్టమ్, ఒక్కో పరికరానికి ఒక్కో డ్రైవర్, నెట్‌వర్క్ స్టాక్, సీ లైబ్రరీ, షెల్, తెరమీద అక్షరాలు కూర్చే ఇంజిన్... ఇవన్నీ పొరలు పొరలుగా ఉంటాయి.

బయటివారు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అనుకునే షెడ్యూలర్, మెమరీ నిర్వహణ నిజానికి చిన్నవి. ఓపికగల విద్యార్థి కొన్ని నెలల్లో వాటిని పనిచేసే స్థితికి తేగలడు. బరువంతా డ్రైవర్లలో ఉంది. లినక్స్ కెర్నల్ ఇప్పుడు 3 కోట్ల వరుసలు దాటిపోయింది. అందులో సగానికి మించి డ్రైవర్లే. మార్కెట్లో ఉన్న ప్రతి వైఫై చిప్‌కూ, ప్రతి గ్రాఫిక్స్ కార్డుకూ సొంతంగా డ్రైవర్ రాయడం ఏ చిన్న బృందానికీ సాధ్యం కాదు. అందుకే కెర్నల్‌ను పట్టుదలగా సొంతంగా రాసుకున్నవారు కూడా డ్రైవర్ల దగ్గర మెత్తబడతారు. బీఓఎస్ అనే పాత వ్యవస్థను తిరిగి కట్టడానికి 2001లో మొదలైన హైకూ ప్రాజెక్టు తనదంటూ కెర్నల్‌ను పెంచుకుంది గాని, నెట్‌వర్క్ డ్రైవర్లను మాత్రం యూనిక్స్ వంశానికి చెందిన ఫ్రీబీఎస్‌డీ నుంచి తెచ్చుకుంది. ఆ డ్రైవర్లకు తాము ఫ్రీబీఎస్‌డీలోనే ఉన్నామనిపించేలా నడుమ ఒక పలుచని పొర రాసి, వాటిని దాదాపు మార్పు లేకుండా నడుపుతోంది.

విద్యుత్తు, నిద్ర, వేడి వంటి వ్యవహారాలు చూసే ఏసీపీఐ ప్రమాణానిదీ ఇదే కథ. దాన్ని సొంతంగా అమలు చేయడం ఎంత చిక్కంటే, ఇంటెల్ రాసి విడుదల చేసిన ఏసీపీఐసీఏ కోడ్‌ను లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, హైకూ మూడూ వాడుతున్నాయి.

ఇక కంపైలర్. అంతా తామే రాశామని చెప్పుకునేవారిలోనూ ఎక్కువమంది జీసీసీతోనో క్లాంగ్‌తోనో కోడ్‌ను యంత్రభాషలోకి మార్చుకుంటారు. ఆ లెక్కన సంపూర్ణ స్వయంరచన అరుదైన వస్తువు.

చరిత్ర

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు ఒక కంప్యూటరు కోడ్ మరో కంప్యూటరులో నడిచేది కాదు. ప్రతి యంత్రానికీ దాని అసెంబ్లీ భాషలో మళ్లీ రాయాలి. 1973లో యూనిక్స్ కెర్నల్‌ను సీ భాషలో తిరగరాశారు. దాంతో కోడ్‌కు యంత్రం నుంచి విడుదల దొరికింది. ఒక వ్యవస్థను మరో యంత్రానికి 'పోర్ట్ చేయడం' అనే పని అలవాటుగా మారింది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ యూనిక్స్ ఆరో సంచిక కోడ్‌ను వ్యాఖ్యానంతో సహా 1976లో విద్యార్థుల కోసం పుస్తకంగా కూర్చాడు. బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ ఏడో సంచిక (1979) లైసెన్సులో ఆ కోడ్‌ను తరగతిలో బోధించడాన్ని అడ్డుకుంది. ఆ తర్వాత లయన్స్ పుస్తకం జిరాక్సుల మీద జిరాక్సులుగా చేతులు మారింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధించే ఆండ్రూ టానెన్‌బామ్‌కు ఉన్న కోడ్ చూపించే వీలు లేకపోయింది. అందుకని సొంతంగా మినిక్స్ రాసి, 1987లో తన పాఠ్యపుస్తకంతో పాటు విడుదల చేశాడు. స్వయంరచనకు లైసెన్సు అడ్డంకే కారణమైన స్పష్టమైన ఉదాహరణ ఇది.

మినిక్స్ నడిచే కంప్యూటరు మీదే 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ రాశాడు. సెప్టెంబరులో వచ్చిన 0.01 సంచికలో సుమారు 10,000 వరుసలున్నాయి. కెర్నల్ కోడ్ అతనిదే. డిస్కు మీద ఫైళ్ల అమరికను మాత్రం మినిక్స్ నుంచి తీసుకున్నాడు. కంపైలరు, షెల్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టువి. గ్నూ దగ్గర కెర్నల్ తప్ప మిగతావన్నీ దాదాపు సిద్ధంగా ఉన్నాయి. టోర్వాల్డ్స్ దగ్గర కెర్నల్ తప్ప ఏమీ లేదు. గ్నూ కూడా 1990లో హర్డ్ పేరుతో సొంత కెర్నల్ పని ప్రారంభించింది. దానికి పునాదిగా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు మాక్ మైక్రోకెర్నల్‌ను తెచ్చుకుంది. ముప్ఫయ్యేళ్లు గడిచినా హర్డ్ రోజువారీ వాడకానికి చేరుకోలేదు. అదే మాక్‌ను యూనిక్స్ నుంచి చీలిన బీఎస్‌డీ కోడ్‌తో కలిపి నెక్స్ట్ కంపెనీ నెక్స్ట్‌స్టెప్ కట్టింది. సొంత కొత్త వ్యవస్థ కోసం ఏళ్ల తరబడి ప్రయత్నించి విఫలమైన యాపిల్ 1996 డిసెంబరులో నెక్స్ట్‌ను కొనుగోలు చేస్తున్నట్టు ప్రకటించింది. ఇవాళ్టి మ్యాక్‌లలో, ఐఫోన్లలో ఉన్న ఎక్స్‌ఎన్‌యూ కెర్నల్ ఆ వంశంలోదే.

మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీ కెర్నల్‌ను డేవిడ్ కట్లర్ బృందం సొంతంగా రాసింది. అందులోనూ 1993 నాటి మొదటి సంచిక 3.1లో టీసీపీ/ఐపీ స్టాక్‌ను స్పైడర్ సిస్టమ్స్ అనే సంస్థ నుంచి తీసుకుని పెట్టారు. 3.5 నాటికి దాన్ని తీసేసి తమది రాసుకున్నారు. ముందు కొనుక్కుని పని గడుపుకోవడం, తీరిక చిక్కాక తిరగరాయడం ఈ రంగంలో తరచూ కనిపించే క్రమం.

దీనికి తలకిందుల ఉదాహరణ కూడా మైక్రోసాఫ్ట్‌దే. విండోస్‌లో లినక్స్ ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు (డబ్ల్యూఎస్‌ఎల్) 2016లో వచ్చినప్పుడు, లినక్స్ సిస్టమ్ కాల్స్‌ను విండోస్ కెర్నల్‌కు అర్థమయ్యేలా మార్చే పొరను మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లే రాశారు. పాసిక్స్ పుస్తకంలో ఉన్న నియమాలు కొన్నే. ప్రోగ్రాములు ఆధారపడే లినక్స్ అలవాట్లు మాత్రం లెక్కలేనన్ని, వాటన్నిటినీ ఆ పొర అందుకోలేకపోయింది. 2019లో ప్రకటించిన రెండో సంచికలో ఆ పొరను పక్కనపెట్టి అసలు లినక్స్ కెర్నల్‌నే విండోస్‌తో పాటు ఇవ్వడం మొదలుపెట్టారు.

పునర్వినియోగ రీతులు

ఒక ప్రాజెక్టు మొత్తాన్నీ తీసుకుని పక్కకు చీల్చి సొంత దారిన నడిపించడం ఫోర్క్. 2014 ఏప్రిల్‌లో గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డాక ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఆ లైబ్రరీని ఫోర్క్ చేసి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ ప్రారంభించింది. మొదటి వారంలోనే 90,000 వరుసలకు పైగా కోసి పారేసింది. పునర్వినియోగంలో రాయడం కన్నా చెరపడం పెద్ద పని కావచ్చు.

మూలం నుంచి వచ్చే మార్పులను ఎప్పటికప్పుడు దించుకుంటూ, పైన తమ ఎంపికలు చేర్చేది డిస్ట్రిబ్యూషన్. డెబియన్ మీద ఉబుంటు నిలిచింది ఇలాగే. మూడో రీతి అనుకూలక పొర. హైకూలో ఫ్రీబీఎస్‌డీ డ్రైవర్లు, ఫ్రీబీఎస్‌డీలో లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లు ఇలాగే నడుస్తాయి. నాలుగోది, అతి మామూలుది: చిన్న లైబ్రరీని తెచ్చి కలుపుకోవడం. స్వీడన్‌లో ఆడమ్ డంకెల్స్ రాసిన ఎల్‌డబ్ల్యూఐపీ అనే చిన్న నెట్‌వర్క్ స్టాక్ లెక్కకు మించిన చిన్న పరికరాల్లోకి ఈ దారినే చేరింది.

సొంతంగా రాసుకునే సందర్భాలు

రుజువు కావాలన్నప్పుడు అరువు కోడ్ పనికిరాదు. ఆస్ట్రేలియాలో కట్టిన ఎస్‌ఈఎల్4 మైక్రోకెర్నల్‌లో సుమారు 8,700 సీ వరుసలే ఉన్నాయి. వాటిలో ప్రతి వరుసా నిర్దేశించిన పనే చేస్తుందని 2009లో గణితపరంగా నిరూపించారు. ఆ నిరూపణ సుమారు 2 లక్షల వరుసలకు పెరిగింది. కోట్ల వరుసల కెర్నల్‌కు ఇలాంటి రుజువు రాయడం ఊహకు అందదు.

భాష మారడం రెండో కారణం. మెమరీ పొరపాట్లను కంపైల్ దశలోనే పట్టే రస్ట్ భాషలో రెడాక్స్ వంటి వ్యవస్థలను మొదటినుంచీ రాస్తున్నారు. లినక్స్ మాత్రం ఉన్నదాన్ని తిరగరాయకుండా, 2022 డిసెంబరులో వచ్చిన 6.1 సంచికతో రస్ట్‌లో కొత్త భాగాలు రాసుకునే వీలు కల్పించింది.

నేర్చుకోవాలన్న కోరిక, కట్టే ఆనందం మూడో కారణం. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఆండ్రియాస్ క్లింగ్ 2018లో మొదలుపెట్టిన సెరెనిటీఓఎస్‌లో కెర్నల్ నుంచి వెబ్ బ్రౌజర్ దాకా బయటి కోడ్ వాడకూడదన్నది నియమం. ఆ బ్రౌజర్ లేడీబర్డ్ పేరుతో 2024లో విడిపోయి, అందరూ వాడగలిగే బ్రౌజర్ కావాలనుకున్న తర్వాత నియమం సడలింది. బయటి నుంచి తెచ్చుకున్నవాటిలో అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ ఒకటి (చూ. తెలుగు లిపి). ప్రపంచంలోని లిపులన్నిటినీ సరిగ్గా కూర్చడం ఒక్క బృందం సరదాగా చేయగల పని కాదు.

లైసెన్సులు, వ్యాజ్యాలు

కోడ్ చేతిలో ఉన్నంత మాత్రాన వాడుకునే హక్కు ఉన్నట్టు కాదు. లినక్స్‌కు వర్తించే జీపీఎల్ రెండో సంచిక ప్రకారం మార్చిన కోడ్‌ను ఇతరులకు అందించేవారు దాని మూలాన్ని కూడా అందించాలి. బీఎస్‌డీ, ఎంఐటీ తరహా లైసెన్సులు పేరు ప్రకటిస్తే చాలంటాయి. ఆండ్రాయిడ్ కట్టేటప్పుడు గూగుల్ లినక్స్ కెర్నల్‌ను తీసుకుని, గ్నూ సీ లైబ్రరీని వదిలేసింది. బీఎస్‌డీ కోడ్ ఆధారంగా బయోనిక్ అనే సొంత లైబ్రరీ రాసుకుంది. చిన్నదిగా, వేగంగా ఉండాలన్నది ఒక కారణమైతే, గ్నూ షరతులు అప్లికేషన్ల దాకా రాకూడదన్నది మరొకటి.

ఉదారమైన లైసెన్సుకూ దాని చేదు ఉంది. మినిక్స్ 2000 నుంచి బీఎస్‌డీ లైసెన్సులో దొరుకుతోంది. ఇంటెల్ ప్రాసెసర్లలో యజమానికి కనబడకుండా పనిచేసే మేనేజ్‌మెంట్ ఇంజిన్‌లో మినిక్స్ నడుస్తోందని 2017లో వెల్లడైంది. పాఠం చెప్పడానికి రాసిన వ్యవస్థ కోట్ల యంత్రాల్లోకి చేరిందని టానెన్‌బామ్‌కు కూడా అప్పుడే తెలిసింది. చట్టం ప్రకారం చెప్పనవసరం లేదు గాని, మర్యాదకైనా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదని ఆయన బహిరంగ లేఖ రాశారు.

వ్యాజ్యాల్లో మొదట చెప్పుకోవలసింది బీఎస్‌డీది. ఏటీ అండ్ టీ అనుబంధ సంస్థ యూఎస్‌ఎల్ యూనిక్స్ కోడ్‌ను వాడుకున్నారంటూ 1992లో వేసిన దావా 1994లో రాజీతో ముగిసింది. సుమారు 18,000 ఫైళ్లలో తీసివేయవలసి వచ్చినవి 3. మార్చి హక్కు ప్రకటన చేర్చవలసి వచ్చినవి 70. అయినా రాజీ కుదిరే దాకా బీఎస్‌డీ మీద అనుమానపు నీడ పడింది. లినక్స్ ముందుకు దూసుకుపోయింది ఆ రెండేళ్లలోనే. జావా పిలుపుల పేర్లు, వాటి అమరికకు చెందిన సుమారు 11,500 వరుసలను ఆండ్రాయిడ్‌లో వాడటం మీద జావా హక్కుదారు ఒరాకిల్ 2010లో వేసిన దావాలో అమెరికా సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో 6-2 మెజారిటీతో గూగుల్ పక్షాన తీర్పునిచ్చింది.

భద్రత, పాత ఊహలు

అందరూ వాడే కోడ్‌లో తప్పుంటే అందరికీ తగులుతుంది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 సంచికల్లో ఎవరో కావాలని దొంగతలుపు పెట్టిన సంగతి 2024 మార్చి 29న బయటపడింది. పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ భద్రతా నిపుణుడేమీ కాదు, డేటాబేస్ ఇంజినీరు. రిమోట్ లాగిన్ మామూలుకన్నా అర సెకను ఆలస్యమవుతోందేమని కూపీ లాగాడు.

అరువు కోడ్‌తో పాటు దాన్ని రాసిన నాటి ఊహలూ వస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ కాకపోయినా ఏరియాన్ 5 రాకెట్ ప్రమాదాన్ని ఈ సందర్భంలో తప్పక చెబుతారు. ఏరియాన్ 4 నుంచి తెచ్చిన దిశానిర్దేశక కోడ్ ఒక విలువను 16 బిట్లలో ఇమిడ్చేందుకు ప్రయత్నించింది. పాత రాకెట్టులో ఆ విలువ అంత పెద్దది అయ్యేదే కాదు. కొత్తది వేగంగా దూసుకెళ్లేది. 1996 జూన్ 4న ప్రయోగించిన 37 సెకన్లకే లెక్క పొంగిపొర్లి రాకెట్ దారితప్పి పేలిపోయింది. 16 బిట్ల సంగతి ఈ వ్యాసంలో మరోసారి వస్తుంది.

భారతదేశంలో

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ 2007లో విడుదల చేసిన బాస్ (భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్) డెబియన్ ఆధారంగా కట్టినది. రక్షణ శాఖ కోసం తయారై 2023లో వార్తల్లోకి వచ్చిన మాయా ఉబుంటు మీద నిలిచింది. అదే ఏడాది జనవరిలో ఐఐటీ మద్రాసు ప్రాంగణంలో ఊపిరిపోసుకున్న సంస్థ ప్రకటించిన భర్‌ఓఎస్‌కు ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్ మూలం. మూడింటి అడుగునా ఉన్నది లినక్స్ కెర్నలే.

'స్వదేశీ ఆపరేటింగ్ సిస్టమ్' అన్న పత్రికా శీర్షిక ఈ విషయాన్ని మరుగుపరుస్తుంది. ఇక్కడ సొంతమైనవి వేరే ఉన్నాయి: ఏ ప్రోగ్రాములు ముందుగా ఉండాలి, ఏవి ఉండకూడదు, అప్‌డేట్లు ఎవరి సర్వర్ నుంచి రావాలి, భద్రతా నియమాలు ఎవరు రాయాలి అన్న నిర్ణయాలు. అవి చిన్నవి కావు. కెర్నల్ రాయడం మాత్రం అందులో లేదు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ. గ్నూ/లినక్స్‌ను తెలుగులో అందించే ఆపరేటింగ్ సిస్టమ్‌గా 2005లో వెలువడిన ఆ పేరే తర్వాత సంస్థ పేరూ అయింది. పిల్లల కోసం బాల స్వేచ్ఛ, ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం ఈ-స్వేచ్ఛ ఆ వరుసలోవి. వీటికి కావలసిన కీలకమైన ఏర్పాటు అప్పటికే గ్నూలో ఉంది. తెరమీద కనిపించే ప్రతి మాటనూ కోడ్ నుంచి విడదీసి వేరే ఫైలులో పెట్టే గెట్‌టెక్స్ట్ పద్ధతి అది. అనువాదకుడు ఆ ఫైలులో ఒక పక్క ఉన్న ఇంగ్లిషు మాటకు ఎదురుగా తెలుగు మాట రాస్తాడు. కోడ్‌లో ఒక్క వరుస కూడా మారదు. ప్రోగ్రామింగ్ రాని తెలుగు మాష్టారు కూడా ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణంలో పాలుపంచుకునే వీలు అక్కడినుంచే వచ్చింది.

బోధన

జగిత్యాల దగ్గర నాచుపల్లిలో ఉన్న జేఎన్‌టీయూ కళాశాల గానీ, కరీంనగర్ చుట్టుపక్కల అనుబంధ ఇంజినీరింగ్ కళాశాలలు గానీ అనుసరించే పాఠ్యప్రణాళికలో ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రయోగశాల పని రెండు రకాలు. షెడ్యూలింగ్ పద్ధతులనూ, బ్యాంకర్స్ ఆల్గరిథమ్‌నూ విద్యార్థి సొంతంగా సీ భాషలో రాసి నకలుగా నడిపి చూస్తాడు. ఫైళ్లు తెరవడం, చదవడం వంటివాటికి ఉన్న యూనిక్స్ సిస్టమ్ కాల్స్‌నే వాడతాడు. రాయడం, వాడటం రెండూ పక్కపక్కనే ఉంటాయి గాని, నిజమైన కెర్నల్‌ను విప్పి చూసే అవకాశం అందులో ఇమడదు. ఆ లోటు తీర్చుకోవాలనుకునేవారికి ఎంఐటీ 2006లో తయారుచేసిన ఎక్స్‌వీ6 ఉచితంగా దొరుకుతుంది. లయన్స్ వ్యాఖ్యానించిన ఆరో సంచిక యూనిక్స్ నమూనాను నేటి సీ భాషలో మళ్లీ రాసినది అది.

తెలుగు లిపి

లిపులకు అంకెలు కేటాయించే ప్రమాణంలోనూ అరువు, సొంతం అన్న తేడా ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి సంచిక భారతీయ లిపుల అమరికను భారత ప్రభుత్వ ప్రమాణం ఇస్కీ నుంచి తీసుకుంది. అన్ని లిపులకూ ఒకటే మూస. దేవనాగరి వరుసలో సున్నా నుంచి లెక్కిస్తే 'క' ఉన్నది 21వ గడిలో. తెలుగు వరుసలోనూ అదే గడి. దేవనాగరిలో ఇంగ్లిషు మాటల కోసం ఉన్న రెండు అచ్చులకు తెలుగులో సాటి లేదు. అందుకని తెలుగు వరుసలో 13, 17 గడులు ఈనాటికీ ఖాళీగా ఉన్నాయి. పక్కింటి నమూనాతో కట్టుకున్న ఇంట్లో వాడని గదుల్లాంటివి అవి.

అక్షరాన్ని అంకెగా దాచుకోవడం ఒక పని. ఒత్తులు, గుణింతాలు, సంయుక్తాలు సరిగ్గా కూర్చి గీయడం మరో పని. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో ఈ రెండో పనికి ఆధారం హార్ఫ్‌బజ్. ఫ్రీటైప్ అనే ఫాంటు ప్రాజెక్టులో పుట్టిన కోడ్‌ను గ్నోమ్ డెస్క్‌టాప్ వైపు పాంగో, కేడీఈ డెస్క్‌టాప్ వైపు క్యూటీ విడివిడిగా పెంచుకున్నాయి. తర్వాత రెండు పాయలనూ ఒక్కచోట చేర్చారు. అటుపై బెహ్దాద్ ఇస్ఫహ్బోద్ దాన్ని మొదటినుంచీ తిరగరాశాడు. ఆ ఒక్క ఇంజిన్ ఇవాళ ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో తెలుగును కూరుస్తోంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ భాండాగారంలో చేరడంతో వాటి వాడకానికీ హద్దులు తొలగాయి.

యాపిల్ తన పరికరాలకు కోర్‌టెక్స్ట్ అనే సొంత ఇంజిన్ రాసుకుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో, లోపల కంటికి కనబడని విభజన సంకేతంతో, సందేశంగా వస్తే ఐఫోన్‌లోని యాప్ కుప్పకూలేది. తెరిస్తే మళ్లీ కూలేది. ఐఫోన్, మ్యాక్, వాచ్, టీవీ అన్నింటిలోనూ అదే కోర్‌టెక్స్ట్ ఉండటంతో అన్నింటికీ ఒకేసారి తగిలింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో పాటు మిగతా వ్యవస్థలకూ యాపిల్ సవరణలు విడుదల చేసింది. హార్ఫ్‌బజ్ వాడే ఆండ్రాయిడ్ ఫోన్లకు ఈ బెడద రాలేదు. అంతమాత్రాన అరువు కోడే మేలని తేల్చడం తొందరపాటు. హార్ఫ్‌బజ్‌లో అలాంటి తప్పు దొర్లితే దెబ్బ ఇంకా విస్తారంగా ఉంటుంది.

గుంజాల గోండి

2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా ఉన్నవారు 29 లక్షల పైచిలుకు. తెలంగాణలో ఆ భాషను తెలుగు లిపిలో, దేవనాగరిలో రాస్తూ వచ్చారు. గుంజాలలో లభించిన డజను దాకా చేతిరాత ప్రతులు గోండికి వేరే లిపి ఉండేదని చూపాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిని వెలుగులోకి తెచ్చారు. 2014లో ఆ లిపికి తొలి ఫాంటు ఆవిష్కరించారు. అన్షుమన్ పాండే యూనికోడ్‌కు సమర్పించిన ప్రతిపాదన ఫలించి, 2018 జూన్‌లో వెలువడిన 11.0 సంచికలో 'గుంజాల గోండి' పేరుతో 63 సంకేతాలు చేరాయి. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసారం 1918లో కల్పించిన మరో గోండి లిపి, మసారం గోండి, అంతకు ఏడాది ముందే 10.0 సంచికలో చేరింది.

ఈ లిపి విషయంలో అరువు తెచ్చుకున్నదేదో, సొంతంగా నిలుపుకున్నదేదో స్పష్టంగా విడదీయవచ్చు. కూర్పు ఇంజిన్ అరువు. విండోస్ 10తో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన 'సార్వత్రిక కూర్పు' పద్ధతిలో ఒక్కో లిపికి ఒక్కో కోడ్ రాయనక్కర్లేదు. ఏ అక్షరం హల్లు, ఏది గుణింతపు గుర్తు, ఏది విరామం అన్న పట్టికను యూనికోడ్ ఇస్తుంది, ఇంజిన్ ఆ పట్టికను చదువుకుని కూరుస్తుంది. హార్ఫ్‌బజ్ కూడా ఆ పద్ధతిని అమలు చేసింది. గుంజాల గోండిని ఆ జాబితాలో చేర్చడంతోనే పని ముగిసింది. నోటో ఫాంట్ల కుటుంబంలో ఈ లిపికి ఉచిత ఫాంటూ ఉంది.

అక్షరాల వరుస మాత్రం సొంతం. తెలుగుకు దక్కనిది గోండికి దక్కింది. ఇస్కీ మూసలో ఇరికించకుండా, యూనికోడ్‌లో హల్లులు య, వ, బ, భ, మ అంటూ మొదలై, క, ఖ ఆ తర్వాతే వస్తాయి.

ఆలస్యంగా చేరిన లిపులకు మొదటి 65,536 గడుల్లో చోటు దొరకలేదు. గుంజాల గోండి సంకేతాలు ఆ హద్దుకు అవతల ఉన్నాయి. అక్షరమంటే 16 బిట్లేనని నమ్మిన పాత కోడ్‌లో అవి ఇమడవు. యూనికోడ్ అంకెలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం 3 బైట్లు తీసుకుంటే గుంజాల గోండి అక్షరం 4 బైట్లు తీసుకుంటుంది. ఎన్నో వెబ్‌సైట్లకు ఆధారమైన మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 'యూటీఎఫ్8' అని పేరు పెట్టిన అమరిక 3 బైట్ల దగ్గరే ఆగిపోయేది. 4 బైట్ల అమరికను 2010లో వేరే పేరుతో చేర్చారు. పాత అమరికలోనే తెరిచిన పట్టికలో తెలుగు పేరు భద్రంగా ఉంటుంది. గుంజాల లిపిలో రాసిన పేరు నమోదు కాదు.